పదమూడేళ్ల సాయంత్రాలు

పోయిన నెలలో మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. ఎప్పుడూ వీడియో కాల్ చేసేవాడు ఆ రోజు మామూలు కాల్ చేశాడు. వెనకాల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఇంట్లోంచి కాకుండా రోడ్డు మీదికొచ్చి మాట్లాడుతున్నాడంటే, అక్క చెవిన పడకూడని మాట ఏదో ఉందన్నమాట.

"పిన్నీ, జాబ్ మానేద్దామనుకుంటున్నా" అన్నాడు.

వాడు వేణువు వాయిస్తాడు. పిన్నిని కాబట్టి అనడం లేదు, నిజంగా బాగా వాయిస్తాడు. మరో ముగ్గురితో కలిసి రెండేళ్ల కిందట ఒక బ్యాండు పెట్టుకున్నాడు. వేణువు, వయొలిన్, మృదంగం, గిటారు. పాడేవాళ్లు లేరు, కావాలనే పెట్టుకోలేదు. వారమంతా ఐటీ ఉద్యోగం, శని ఆదివారాలు రిహార్సలు. ఇప్పుడు ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఇందులోకే దిగుతానంటాడు. ఎందుకురా అంటే వాడు చెప్పిన కారణం ఒక్కటే: "ఉద్యోగం చేస్తూ వాయిస్తే అది హాబీగానే మిగిలిపోతుంది పిన్నీ. అన్నీ వదిలేస్తేనే కళ."

ఈ మాట ఈ మధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఇంటర్వ్యూల్లో చెప్తారు, కాలేజీ ఫంక్షన్లలో చెప్తారు. గెలిచినవాళ్లు చెప్తారు కాబట్టి నిజమే అనిపిస్తుంది. నేను ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. "అమ్మకి చెప్పావా" అని అడిగి మాట దాటేశాను. ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చింది చీఫ్‌టెన్స్ అనే ఒక ఐరిష్ సంగీత బృందం, వాళ్లు ఉద్యోగాలు చేస్తూ గడిపిన పదమూడేళ్లు. వాడికి చెప్పవలసింది ఇదే అనుకున్నాను. రాస్తూ పోతే ఇంత పొడవైంది.

నేను డబ్లిన్‌కి వచ్చి తొమ్మిదేళ్లయింది. వచ్చిన రెండో చలికాలంలో ఆఫీసు స్నేహితురాలు స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అనే పబ్బుకి తీసుకెళ్లింది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే పక్కనే ఒక మూల ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చుని వాయిస్తున్నారు. వేదిక లేదు, మైకు లేదు, ఎదురుగా శ్రోతల కుర్చీలు లేవు. దీన్ని ఇక్కడ సెషన్ అంటారు. ఒకరు ఒక మెట్టు, అంటే బాణీ, ఎత్తుకుంటారు. తెలిసినవాళ్లు అందుకుంటారు, తెలియనివాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని వింటారు. ఒక మెట్టు రెండు మూడు సార్లు తిరిగాక, ఆపకుండా ఇంకో మెట్టులోకి జారిపోతారు. అలా రెండు మూడు మెట్లు గుచ్చి ఒక సెట్టు. తర్వాత కాసేపు కబుర్లు.

పక్కన ఫ్లూటు పట్టుకుని కూర్చున్న పెద్దాయన నన్ను పలకరించాడు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నానని చెప్పాను. "ఓ, ఫిడిల్!" అన్నాడు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు. ఆయన్ని మా ఊళ్లో పెద్దవాళ్లు ఫిడేలు నాయుడు గారనే అనేవారు. వయొలిన్ అనేది కచేరీ కార్డుల్లో మాట. ఇంట్లో మా తాతయ్య నోట ఎప్పుడూ ఫిడేలే. ఏడు సముద్రాల అవతల, తలుపు సందులోంచి చలిగాలి కొడుతున్న ఒక పబ్బులో ఆ మాట మళ్లీ విన్నాను.

ఆ మూల వాయించేవాళ్లు ఎవరో నిదానంగా తెలిసింది. ఒకావిడ నర్సు. ఒకతను బస్సు నడుపుతాడు. ఇద్దరు స్కూలు టీచర్లు. ఆ ఫ్లూటు పెద్దాయన రాత్రి పదకొండు కాగానే ఫ్లూటుని మూడు ముక్కలుగా విప్పి, లోపల తడి తుడిచి, పెట్టెలో పెట్టుకుని లేచిపోతాడు, పొద్దున్నే షిఫ్టు ఉంటుంది. అందులో కొందరి వాయిద్యం వెయ్యి మందిని కదలకుండా కూర్చోబెట్టేంత గొప్పది. ఇక్కడ ఎవరూ వాళ్లని "హాబీగా వాయిస్తారు" అనరు. "ఆమె ఫిడిల్ ప్లేయర్" అంటారు, అంతే. జీతం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఆ మాటలో లేదు.

ఈ లోకంలోంచే చీఫ్‌టెన్స్ వచ్చారు.

చీఫ్‌టెన్స్ పేరు విననివాళ్లకు క్లుప్తంగా: ఐరిష్ సంప్రదాయ వాద్య సంగీతాన్ని ప్రపంచమంతా తిప్పిన బృందం. ఆరు గ్రామీలు. 1983లో చైనా వెళ్లి అక్కడి మహాకుడ్యం మీద వాయించారు. 1989లో ఐర్లాండు ప్రభుత్వం వాళ్లని దేశానికి సంగీత రాయబారులని ప్రకటించింది. 2010 డిసెంబరులో కేడీ కోల్మన్ అనే వ్యోమగామి వాళ్ల ఫ్లూటు ఒకటీ, టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి ఒకటీ అంతరిక్ష కేంద్రానికి పట్టుకెళ్లింది. ఎక్కడ చదివినా ఇవే ఉంటాయి. నాకు కావలసింది అంతకు ముందు కథ.

1962లో డబ్లిన్‌లో ప్యాడీ మలోనీ ఈ బృందాన్ని కూర్చాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. ఇళ్లకు కావలసిన సామాన్లు అమ్మే ఒక కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం. చిన్నప్పుడే ఇలెన్ పైప్స్ అనే గాలితిత్తి వాద్యం నేర్చుకున్నాడు. గురువు లియో రౌసమ్, ఆ తరంలో అందరూ తలెత్తి చూసిన వాద్యకారుడు. మలోనీతో మొదట చేరినవాళ్లు నలుగురు. టిన్ విజిల్ షాన్ పాట్స్, ఆయన తపాలా శాఖ ఉద్యోగి. ఫ్లూటూ, కాన్సర్టీనా అనే చేతిలో ఇమిడే తిత్తిపెట్టే మైకేల్ టబ్రిడీ, ఆయన ఇంజనీరు. ఫిడిల్ మార్టిన్ ఫే. బౌరాన్ అనే మేకతోలు వాద్యం డేవిడ్ ఫాలన్. గిన్నిస్ కుటుంబానికి చెందిన గ్యారిక్ బ్రౌన్ అప్పటికే క్లాడా రికార్డ్స్ అని ఒక చిన్న రికార్డు కంపెనీ పెట్టి, రౌసమ్ పైప్స్ రికార్డుతో మొదలుపెట్టాడు. ఆయన అడిగితే, ఒక్క రికార్డు కోసమని వీళ్లు కూడారు. బృందానికి పేరు పెట్టింది క్లాడాకి సాయంగా ఉన్న కవి జాన్ మాంటెగ్యూ.

ఒక్క రికార్డు అయింది. ఎవరూ ఉద్యోగం మానలేదు. రెండో రికార్డు రావడానికి అయిదేళ్ల పైనే పట్టింది, అది 1969లో. మూడోది 1971లో. ఇప్పటి లెక్కన అయితే ఈ పాటికి బ్యాండు చచ్చిపోయిందని అందరూ మర్చిపోయేవారు.

ఈ మధ్య కాలంలో వాళ్లేం చేశారో అర్థం కావాలంటే ఆ సంగీతం గురించి కొంచెం చెప్పాలి. ఐరిష్ మెట్లు చాలావరకు నాట్యం కోసం పుట్టినవి. జిగ్ అంటే మన చెవికి తకిట తకిట. రీల్ అంటే తకధిమి తకధిమి, పరుగు మీద. తకిట మూడుసార్లు వస్తే స్లిప్ జిగ్. మెట్టు రెండు భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగం ఎనిమిది ఆవర్తాలు. అంత చిన్న ఇంట్లో ఎన్ని గదులున్నాయో వాయించేవాడు చూపించాలి. మన గమకాల్లాగే వాళ్లకీ స్వరాన్ని తిప్పే పద్ధతులున్నాయి, ప్రాంతానికో తీరు. నాట్యం లేని విలంబ గీతాలు వేరు, వాటికి తాళం ఉండదు, మన ఆలాపనకి దగ్గరగా ఉంటాయి.

ఇలెన్ పైప్స్ గురించి చెప్పకుండా ఉండలేను. ఇలెన్ అంటే ఐరిష్‌లో మోచేయి. కుడి మోచేతి కింద కొలిమితిత్తి లాంటిదొకటి ఉంటుంది, దాన్ని నొక్కుతూ గాలి కొడతారు. ఆ గాలి ఎడమ చంక కింద ఉన్న తోలు సంచిలోకి పోతుంది. ఆ సంచిని నొక్కుతుంటే ఒక గొట్టం మీద వేళ్లతో మెట్టు వాయిస్తారు. ఇంకో మూడు గొట్టాలు శ్రుతి పలుకుతూనే ఉంటాయి. ఇవి చాలవన్నట్టు తొడ మీద పరుచుకున్న మరికొన్ని గొట్టాల మీటలను మణికట్టుతో నొక్కి కింద స్వరాలు కలుపుతారు. నోటితో పని లేదు. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం మేకతోలు తిత్తి ఊదేవారు, దానికి దూరపు చుట్టం అనుకోవచ్చు, కానీ దీని ఇంజనీరింగు వేరు. ఈ వాద్యం వాయించాలంటే నేర్చుకోవడానికి ఏడేళ్లు, సాధనకు ఏడేళ్లు, వాయించడానికి ఏడేళ్లు, మొత్తం ఇరవై ఒక్క ఏళ్లు పడుతుందని ఐర్లాండులో పాత మాట. 2017లో యునెస్కో ఈ వాద్యకళను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఇలాంటి సంగీతం 1950ల నాటికి రెండు చోట్ల ఉండేది. ఒకటి వంటిళ్లలో, పల్లెల్లో, ఒక్కొక్కరుగా వాయించేవాళ్ల దగ్గర. రెండోది నాట్యసభలకు వాయించే కేలీ బ్యాండ్లలో. 1935లో వచ్చిన డాన్సు హాళ్ల చట్టం తర్వాత లైసెన్సు లేకుండా జనం కూడి నాట్యం చెయ్యడం కష్టమైపోయింది. ఇళ్లలోంచి, కూడళ్లలోంచి నాట్యం హాళ్లలోకి వెళ్లింది. పెద్ద హాల్లో వినపడాలంటే పెద్ద బ్యాండు కావాలి. పియానో, డ్రమ్ములు, అకార్డియన్లు, అందరూ ఒకే మెట్టుని ఒకే గట్టితనంతో మొదటి నుంచి చివరి దాకా వాయించడం. షాన్ ఓ రియాడా అనే స్వరకర్తకు ఇది నచ్చలేదు. బోర్లించిన జాం సీసాలో ఈగ రొదలా ఉందన్నాడు. 1960 ప్రాంతంలో ఆయన క్యోల్తోరీ కూలన్ అని ఒక బృందం పెట్టాడు. నాట్యానికి కాకుండా కూర్చుని వినడానికి వాయించే బృందం అది. మలోనీ, పాట్స్, టబ్రిడీ, ఫే అందరూ అందులో ఉన్నవాళ్లే.

కాబట్టి చీఫ్‌టెన్స్ ఆలోచన ఓ రియాడాదే అనేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. విత్తనం ఆయనదే, కాదనను. కానీ ఆయన 1969 తర్వాత బృందాన్ని ఆపేశాడు, 1971లో నలభై ఏళ్లకే పోయాడు. ఆ ఆలోచనను ఏళ్ల తరబడి పెంచి పెద్ద చేసింది మలోనీ బృందం. ఓ రియాడా తను వాయించే హార్ప్సికార్డుని కూడా బృందంలో కూర్చోబెట్టాడు. మలోనీ దాన్ని తీసేశాడు. పియానో లేదు, గిటారు లేదు. పైప్స్, విజిళ్లు, ఫ్లూటు, ఫిడిల్, కాన్సర్టీనా, బౌరాన్. వీటితోనే నిండుదనం రావాలి.

ఆ రికార్డులు చెవి పెట్టి వినండి. ఒక్క విజిల్ మెట్టు ఎత్తుకుంటుంది. రెండో తిరుగుడుకి కాన్సర్టీనా కింద నుంచి మెల్లగా వస్తుంది, వచ్చిందని తెలిసే లోపల ఫిడిల్ చేరి ఉంటుంది. అందరూ కలిసి నాలుగు ఆవర్తాలు నడిచి, ఒక్కసారిగా అందరూ తప్పుకుని పైప్స్‌ని ఒంటరిగా వదిలేస్తారు. ఆ ఖాళీ ఉంది చూడండి, అది కేలీ బ్యాండులో సాధ్యం కాదు. కింద నాట్యం చేసేవాళ్లు ఆగిపోతారు. రెండో ఫిడిల్‌గా 1968లో షాన్ కీన్ చేరాక, ఇద్దరు ఒకే మెట్టుని పక్కపక్కనే వేర్వేరుగా అలంకరిస్తుంటే, అన్నదమ్ములు ఒకే కథని చెరో రకంగా చెప్తున్నట్టు ఉంటుంది. ఎవరెప్పుడు రావాలి, ఎవరెప్పుడు ఊరుకోవాలి అన్నది ఒక రాత్రిలో తేలే విషయం కాదు. చాలా సాయంత్రాలు కావాలి. వాళ్ల దగ్గర ఉన్నవి సాయంత్రాలే.

మా వాడికి చెప్పవలసిన మొదటి మాట ఇది. ఆ పదమూడేళ్లు వాళ్లు సంగీతం మీద బతకాల్సిన అవసరం లేకపోబట్టే ఈ సంగీతం వచ్చింది. 1962 నాటి ఐర్లాండుని చూడండి. షోబ్యాండ్ల కాలం అది. మెరిసే కోట్లు, ట్రంపెట్లు, రేడియోలో వచ్చే హిట్ పాటలు, వారంలో చాలా రాత్రులు డాన్సు హాళ్లలో పని. సంగీతమే వృత్తిగా బతకాలనుకున్నవాడికి దారి అదే. ఇంకో దారి పాటలు పాడే బృందాలది. చీఫ్‌టెన్స్ పుట్టిన 1962లోనే, అదే డబ్లిన్‌లో డబ్లినర్స్ పుట్టారు. గొంతులు, బాంజో, గిటారు, పబ్బులో నలుగురూ అందుకునే పాటలు. నాకు వాళ్లంటే ఇష్టమే. కానీ పాట ఉంటే జనం వస్తారు. పాట లేకుండా, డ్రమ్స్ లేకుండా, నాట్యానికి కాకుండా, కుర్చీల్లో కూర్చుని పైప్స్ వాయించే బృందానికి ఆ రోజుల్లో బజారు ఎక్కడుంది? ఆ అయిదుగురు 1962లోనే ఉద్యోగాలు మానేసి ఉంటే, ఇంటద్దె కోసం 1964 కల్లా ఒక గాయకుణ్ణి తెచ్చుకునేవాళ్లని నా నమ్మకం. అద్దె అడిగినప్పుడు మెట్టు మారుతుంది.

ఈ మాట మా వాడికి కొత్తేమీ కాదు, వాడికి ఇప్పటికే అనుభవం. పోయిన మాఘమాసంలో ఒక సంగీత్ ఫంక్షన్‌కి వీళ్ల బ్యాండుని పిలిచారు. మంచి డబ్బు. తీరా వెళ్లాక సినిమా పాటలు తప్ప ఇంకేమీ వద్దన్నారు. ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టాడు, నాలుగు గంటలు సినిమా పాటలే వాయించామని. ఆ నెల జీతం పడింది కాబట్టి మర్నాడు అలాంటి ఇంకో పిలుపుకి వద్దని చెప్పగలిగాడు. జీతం లేకపోతే చెప్పగలిగేవాడా? వాడి ఉద్యోగం వాడి బ్యాండుకి శత్రువు అనుకుంటున్నాడు. ఆ బ్యాండులో గాయకుడు లేకపోవడాన్ని ఇన్నాళ్లూ కాపాడింది ఆ ఉద్యోగమే.

నిజాయితీగా ఒకటి చెప్పాలి. 1968లో మలోనీ ఆ సామాన్ల కంపెనీ వదిలి క్లాడా రికార్డ్స్ నడిపే పనిలో చేరాడు. అంటే పగటి ఉద్యోగం కూడా సంగీతం పక్కకే వచ్చింది. మిగతావాళ్లకు ఆ సౌకర్యం లేదు. అయినా అది ఉద్యోగమే, నెల జీతమే, కంపెనీ లెక్కలే. తన బృందం డబ్బు తెస్తేనే పొయ్యి వెలుగుతుందన్న టెన్షన్ ఆయనకు ఇంకా రాలేదు.

1970ల మొదట్లో హార్ప్ అనే తీగల వాద్యం వాయించే డెరెక్ బెల్ బృందంలోకి వచ్చాడు. బెల్‌ఫాస్ట్ మనిషి, అక్కడి బీబీసీ ఆర్కెస్ట్రాలో వాద్యకారుడు. హార్ప్ ఐర్లాండు చిహ్నం, నాణేల మీద ఉంటుంది, కానీ పాత హార్ప్ సంప్రదాయం పందొమ్మిదో శతాబ్దంలోనే దాదాపు తెగిపోయింది. 1792లో బెల్‌ఫాస్ట్‌లో చివరితరం హార్ప్ కళాకారులను ఒక్కచోటికి పిలిస్తే, ఎడ్వర్డ్ బంటింగ్ అనే కుర్రాడు వాళ్ల మెట్లు రాసుకున్నాడు కాబట్టి కొన్ని మిగిలాయి. ఆ తీగ మళ్లీ ఈ మెట్ల మధ్యకు రావడంతో బృందం శబ్దమే మారిపోయింది. పైప్స్ నిప్పయితే హార్ప్ నీళ్లలా వచ్చి చేరింది. బళ్లో, చర్చిలో, ఓటులో రెండుగా చీలి చంపుకుంటున్న బెల్‌ఫాస్ట్ నుంచి ఒక ప్రొటెస్టెంటు ఇంటి మనిషి వచ్చి డబ్లిన్ క్యాథలిక్కుల మధ్య కూర్చుని వాయించాడు, ఆ సంవత్సరాల్లో. దీన్ని గురించి వాళ్లు ఉపన్యాసాలు ఇవ్వలేదు. పక్కపక్కన కుర్చీలు వేసుకున్నారు.

1975 మార్చి 17, సెయింట్ ప్యాట్రిక్ రోజున లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు నిండిపోయింది. అప్పుడు మానేశారు ఉద్యోగాలు. చాలామంది సినిమా వల్ల మానేశారనుకుంటారు. స్టాన్లీ కూబ్రిక్ తీసిన బారీ లిండన్‌లో వీళ్లు వాయించిన ఓ రియాడా స్వరం లోకమంతా తెలిసింది, సినిమా సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ ఆ సినిమా వచ్చింది ఆ ఏడు డిసెంబరులో. అంటే సినిమా అదృష్టం తలుపు తట్టక ముందే, ఆల్బర్ట్ హాలు నిండాక, వాళ్లు లెక్క చూసుకుని అడుగు వేశారు. మలోనీకి ముప్పై ఆరేళ్లు. పెళ్లయి పిల్లలున్నవాడు. పదమూడేళ్లు ఆగి, అప్పుడు.

ఇక్కడ మా వాడు ఊరుకోడు. ఐరిష్ సంగీతం వాడికి నేనే అలవాటు చేశాను కాబట్టి బాతీ బ్యాండ్ సంగతేంటి పిన్నీ అంటాడు. మంచి ప్రశ్న. బాతీ బ్యాండ్ కూడా 1975లోనే మొదలైంది. ప్యాడీ కీనన్ పైప్స్, మాట్ మలోయ్ ఫ్లూటు, డోనల్ లన్నీ బుజూకీ అనే తీగల వాద్యం, ఓ డోనల్ అన్నాచెల్లెళ్లు, మొదట టామీ పీపుల్స్, తర్వాత కెవిన్ బర్క్ ఫిడిల్. అందరూ కుర్రవాళ్లు, అన్నీ వదిలేసి దిగినవాళ్లు. మూడు స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. వాటిలో ఉన్న వేగం, ఆ తెగింపు చీఫ్‌టెన్స్ దగ్గర లేదు. నాకు మనసు బాగా లేని రోజు నేను వినేది బాతీ బ్యాండే. ఉద్యోగాలు చేసుకుంటూ అలా వాయించలేరేమో, ఒప్పుకుంటాను. అయితే 1979 కల్లా బాతీ బ్యాండ్ లేదు. నాలుగేళ్లు. చీఫ్‌టెన్స్ తర్వాత ఇంకో నలభై ఏళ్లు వాయించారు. బాతీ బ్యాండ్ ఆగిన ఆ సంవత్సరమే మాట్ మలోయ్ చీఫ్‌టెన్స్‌లో ఫ్లూటు కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో కూడా చెప్పాలి. 1979లో టబ్రిడీ వెళ్లిపోయాడు, పాట్స్ వెళ్లిపోయాడు. మొదటి అయిదుగురిలో ఇద్దరు, పదిహేడేళ్లు కలిసి వాయించినవాళ్లు, బృందం పేరు లోకమంతా మోగుతున్న వేళ లేచి ఇంటికి వచ్చేశారు. ఏడాదిలో ఎక్కువ భాగం విమానాల్లో, హోటళ్లలో గడిచే బతుకు అందరికీ పడదు. అయినా వాయిద్యం మానలేదు. పాట్స్ డబ్లిన్‌లో బేకర్స్‌వెల్ అని ఇంకో బృందం కట్టాడు, పైప్స్ వాద్యకారుల సంఘానికి పనిచేశాడు. ఈ ఇద్దరి గురించి రాసేవాళ్లు తక్కువ. నాకు మాత్రం బృందంలో అందరికన్నా వీళ్లే ఎక్కువ గుర్తుంటారు. పేరొచ్చాక ఇంటికి రావడం కూడా సంగీతం మీద ప్రేమతోనే జరగొచ్చు.

పూర్తికాలం బృందమయ్యాక వచ్చిన దశ మీద నా అభిప్రాయం కొంచెం చేదు. 1976లో కెవిన్ కానెఫ్ వచ్చాక బృందానికి గొంతు వచ్చింది, అది బాగుంది, సంప్రదాయంలో పెరిగిన గొంతు. 1988లో గాయకుడు వాన్ మారిసన్‌తో చేసిన రికార్డు కూడా ఇష్టమే. 1995 నాటి అతిథుల రికార్డు దగ్గర నాకు ఇబ్బంది. రోలింగ్ స్టోన్స్, స్టింగ్, టామ్ జోన్స్ అందరూ వరసగా వచ్చి వెళ్తారు. బాగా అమ్ముడుపోయింది. వింటుంటే పెళ్లి రిసెప్షన్‌లో ముఖ్య అతిథులు ఒకరి తర్వాత ఒకరు వేదిక ఎక్కుతున్నట్టుంటుంది, ఇంటివాళ్లు వెనక వరసలో నిలబడి ఉంటారు. అందులో నేను వెతుక్కునేది పాటల చివర అతిథి ఊరుకున్నాక పైప్స్ మళ్లీ వచ్చే ఆ అర నిమిషం.

దానితో పోలిస్తే 1996లో స్పెయిన్‌లోని గలీసియా వాళ్లతో కలిసి చేసింది, 2010లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో మెక్సికో గురించి చేసింది ఎంతో మేలు. రెండోదాని వెనక చరిత్ర ఉంది. 1846లో మొదలైన యుద్ధంలో అమెరికా సైన్యం వదిలేసి మెక్సికో వైపు నిలబడి పోరాడిన ఐరిష్ సైనికుల దళం కథ అది. దానికి మెక్సికో వాళ్ల గొంతులూ ఐరిష్ పైప్స్ కలవడానికి కారణం ఉంది. అతిథిని పిలవడానికి కారణం ఉండాలి. అద్దెల భారం, టూర్ల ఖర్చు, రికార్డు కంపెనీ లెక్కలు మీద పడ్డాక ప్రతిసారీ కారణం కోసం ఆగడం కుదరదనుకుంటాను. అయినా వాళ్లు విరిగిపోలేదు. మధ్యలో ఎంత పెద్ద పేరు వచ్చి నిలబడినా పైప్స్ ఎక్కడ మొదలవ్వాలో వాళ్లకు తెలుసు, అది ఆ పదమూడేళ్లలో చేతుల్లోకి ఎక్కిన విద్య.

ఇప్పుడు నా వాదనలో బలహీనమైన చోటుకి వస్తాను, ఎందుకంటే అది నాకు స్వయంగా తగిలింది. 1960ల డబ్లిన్‌లో గుమాస్తా ఉద్యోగమంటే సాయంత్రానికి అయిపోయేది. మలోనీ లెక్కల పుస్తకం మూసి పైప్స్ పెట్టె తెరిచేవాడు. నేను హైదరాబాదులో చేరిన మొదటి ఉద్యోగంలో పని మధ్యాహ్నం రెండింటికి మొదలై అర్ధరాత్రి దాటాక అయ్యేది. మా మేనేజరు శనివారాలు కూడా రమ్మనేవారు. ఫిడేలు పెట్టె మంచం కింద ఉండేది. ఒక రోజు తీసి చూస్తే రెండు తీగలు తెగి ఉన్నాయి. కొత్తవి వేయించుకుందామని అనుకుంటూనే పదకొండేళ్లు గడిచాయి. పదకొండేళ్లు! అందుకే మా వాడు ఉద్యోగం మానేస్తానన్నప్పుడు వాడి కోపం నాకు పూర్తిగా అర్థమైంది. వాడు పారిపోవాలనుకుంటున్నది జీతం నుంచి కాదు, సాయంత్రం మీద పడి తినేసే పని నుంచి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది చిక్కంతా.

ఇంకొకటి, ఆ బృందంలో ఆడవాళ్లు లేరు. పిల్లలున్న మగవాళ్లు ప్రతి సాయంత్రం ఫిడిల్ పట్టుకుని బయటికి వెళ్లగలిగారంటే, ఆ సాయంత్రాలు ఇంట్లో ఇంకెవరో ఇచ్చినవే. రికార్డు అట్టల మీద వాళ్ల పేర్లు ఉండవు. డబ్లిన్‌కి వచ్చాక నాకు మళ్లీ ఫిడేలు పట్టుకునే వీలు దొరికిందంటే, మా ఆయన మంగళవారం రాత్రి వంట, పిల్ల హోంవర్కు తన పని అని ఒప్పుకోబట్టే. దీనికి మేము రెండు మూడు నెలలు గట్టిగా వాదించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి మొన్న ఆదివారం మా వాడికి నేనే ఫోన్ చేశాను, వీడియో కాల్. మానెయ్యొద్దు అనలేదు. ఇప్పుడు మానెయ్యొద్దు అన్నాను. ఇప్పుడున్న చోట సాయంత్రాలు దొరకకపోతే, జీతం కొంచెం తగ్గినా సరే సాయంత్రాలు దొరికే ఉద్యోగం వెతుక్కో అన్నాను. ఆల్బర్ట్ హాలు నిండినప్పుడు మీ అమ్మతో నేను మాట్లాడతాను అన్నాను. వాడు నవ్వలేదు. కొంచెంసేపు ఊరుకుని అడిగాడు.

"పదమూడేళ్లంటే నాకు నలభై వస్తాయి పిన్నీ."

"మలోనీ ఎనభై మూడేళ్లు బతికాడురా. ఎనభై దాటాక కూడా టూర్ చేశాడు. 2020లో కోవిడ్ వచ్చి టూర్ ఆపింది గానీ ఆయన ఆపలేదు." మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన పోయాడు. ఆ వారం కాబుల్‌స్టోన్‌లో ఆ మూల కూర్చున్న వాళ్లలో నేనూ ఉన్నాను, రెండో వరసలో, తెలిసిన మెట్లే వాయిస్తూ.

వాడికి 1969 రికార్డు పంపాను. కాన్సర్టీనా ఎప్పుడు వస్తుందో కనిపెట్టమన్నాను. మూడు రోజులు జవాబు లేదు. నిన్న రాత్రి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, యాభై సెకన్లు. హైదరాబాదులో అప్పటికి పదిన్నర దాటి ఉంటుంది. వేణువు ఒక్కటే మొదలైంది, తకిట నడకలో, ఏదో కొత్త మెట్టు. రెండో తిరుగుడులో వయొలిన్ కింద నుంచి వచ్చింది, వచ్చినట్టు తెలియకుండా. నాలుగో ఆవర్తం దగ్గర ఇద్దరూ ఒక్కసారి ఆగారు. ఆ ఖాళీలో వెనకాల మా అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, తర్వాత "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది" అన్న మాట. మళ్లీ వేణువు ఎత్తుకుంది.